మౌస్ కర్సర్ మాయమైందా? పవర్ బటన్ నొక్కే ముందు ఇవి చూడండి!

మొన్న రాత్రి ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తున్నా. సబ్మిట్ చేయడానికి ఇంకో అరగంటే టైం. ఉన్నట్టుండి ల్యాప్‌టాప్‌లో కర్సర్ మాయం! టచ్‌ప్యాడ్ మీద వేలు ఎంత రుద్దినా లాభం లేదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేసేద్దామనుకున్నా. అంతలో ఫైల్ సేవ్ చేయలేదని గుర్తొచ్చి ఆగిపోయా.

కర్సర్ పోయినా కీబోర్డ్ పనిచేస్తోంది కదా! ముందు కంట్రోల్ + ఎస్ నొక్కి ఫైల్ సేవ్ చేశా. మీకూ ఇలా జరిగితే విండోస్ 11లో వరుసగా ఇవి చూడండి.

1. పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ ఉంటే, దాన్ని ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కండి. చాలా మోడళ్లలో టచ్‌ప్యాడ్‌ను ఆన్, ఆఫ్ చేసేది ఇదే.

2. విండోస్ కీ నొక్కి, టచ్‌ప్యాడ్ సెట్టింగ్స్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ట్యాబ్ కీతో స్విచ్ దగ్గరికి వెళ్లి, స్పేస్ బార్‌తో ఆన్ చేయండి.

3. వైర్‌లెస్ మౌస్ అయితే బ్యాటరీ, అడుగున ఉన్న స్విచ్ చూడండి.

4. అప్పటికీ రాకపోతే విండోస్ + ఎక్స్, తర్వాత యు, ఆర్ నొక్కండి. మౌస్ లేకుండానే రీస్టార్ట్ అవుతుంది.

నా విషయంలో మొదటిదే పనిచేసింది. సౌండ్ తగ్గించబోయి పక్క కీ నొక్కేశా, అంతే! రిపోర్ట్ మాత్రం టైంకే వెళ్లిపోయింది.