సముద్రపు వేట – ప్రపంచ సభలో మన మాట

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. దానికి దక్షిణమున విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలముల తీరగ్రామములు ఉన్నవి. ఇచ్చటి మత్స్యకార కుటుంబములకు వేటయే జీవనాధారము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున, ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ కాలమునకు ప్రభుత్వమిచ్చు భృతి 2025లో 10,000 రూపాయల నుండి 20,000 రూపాయలకు పెంచబడినది. ఆ పథకము ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలము బుడగట్లపాలెమున ప్రారంభమైనది.

ఇట్టి సహాయములకు, పడవల డీజిలుపై నిచ్చు రాయితీకి ఎల్లలు నిర్ణయింపగోరు చర్చలు జెనీవా నగరమున జరుగుచున్నవి. అచ్చట 166 సభ్యులు గల ప్రపంచ వాణిజ్య సంస్థ కలదు. రాయితీల బలముతో పెద్ద ఓడలు దూరసముద్రములలో మితిమీరి వేటాడుటచే మత్స్యసంపద తరుగుచున్నందున, 2001లో ఈ చర్చలకు దోహా సమావేశమున నిర్ణయమైనది. ఉద్దేశము మంచిదే. కాని నియమము అందరికి నొక్కటే యైనచో, పెద్ద ఓడకు విధించు శిక్ష చిన్న తెప్పకును తగులును.

మన దేశపు వాదము

ఆ సంస్థలో నిర్ణయములు ఏకాభిప్రాయముతో జరుగును. పూర్వము సంపన్న దేశములు తమలో తాము కుదుర్చుకొన్నదే తుదకు నిలుచుచుండెడిది. 2003లో కాన్‌కూన్ సమావేశమున భారతదేశము, బ్రెజిల్, చైనా, దక్షిణాఫ్రికా మున్నగునవి ఏకమై, వ్యవసాయ రాయితీల విషయమున ఆ పద్ధతి నెదిరించినవి. సభలో కూర్చుండుట వేరు, తీర్మానమును మార్చుట వేరు అని పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2022 జూన్‌లో జెనీవాలో భారతదేశము, వర్ధమాన దేశములకు 25 సంవత్సరముల గడువు కావలెనని కోరినది. ఆ నెల 17న కుదిరిన ఒప్పందము అక్రమ వేటకును, తరిగిపోయిన చేపజాతుల వేటకును ఇచ్చు రాయితీలను నిషేధించినది. వర్ధమాన దేశములకు, తీరము నుండి 200 నాటికల్ మైళ్ళ లోపలి వేట విషయమున, రెండేండ్ల వెసులుబాటు లభించినది. వేటసామర్థ్యమును పెంచు రాయితీల విషయము మిగిలిపోయినది. 2024లో అబుధాబి సమావేశమునను అది తేలలేదు. ఒప్పందము 2025 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చినది. అది అంగీకరించిన దేశములకే వర్తించును; నాటికి భారతదేశము అంగీకరించి యుండలేదు.

పంచాయతీల కర్తవ్యము

మన వేట చిన్నదనియు, మన సముద్రమును మనమే కాపాడుకొనుచున్నామనియు చెప్పుటకు లెక్కలు కావలెను. నమోదు కాని పడవ, నిషేధకాలమున సాగిన వేట ఆ వాదమును బలహీనపరచును. కావున తీరగ్రామముల పంచాయతీలు ప్రతి పడవయు నమోదగునట్లును, నిషేధము పాటింపబడునట్లును, భృతి అర్హులందరికి చేరునట్లును శ్రద్ధ వహింపవలెను. గ్రామపు లెక్క సరిగా నున్ననే ప్రపంచ సభలో మన మాటకు బలము చేకూరును.