పాము కరిస్తే.. పామును వెతకొద్దు!

తెల్లవారుజామున నాలుగు గంటలు. నేల మీద చాప వేసుకుని పడుకున్న పిల్లవాడు కడుపునొప్పి అంటూ లేచాడు. వాంతి చేసుకున్నాడు. ‘రాత్రి తిన్నది అరగలేదేమో’ అని ఇంట్లోవాళ్లు సోడా తాగించారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తు అనుకున్నారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. మా దగ్గరికి తెచ్చేసరికి మాట ముద్దగా వస్తుంటుంది, గుటక పడదు, ఊపిరి అందదు. ఇది అజీర్తి కాదు, కట్లపాము కాటు. ఈ తీర ప్రాంతంలో పనిచేసే వైద్యులకు ఇలాంటి కేసులు కొత్త కాదు. పాముల గురించి నాలుగు విషయాలు తెలిసి ఉంటే ఆ ఇంట్లోవాళ్లు రెండు గంటల ముందే బయల్దేరేవాళ్లు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

మన చుట్టూ ఉన్నవి ఏవి?

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు.. ఎటు చూసినా వరి చేలు, రొయ్యల గుంటలు, తాటితోపులు. ఎలుకలూ కప్పలూ ఉన్నచోట పాములూ ఉంటాయి. వాటిలో చాలావాటికి విషం ఉండదు. జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ, రెండు తలల పాము అని పిలిచేది.. ఇవేవీ విషసర్పాలు కావు.

మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు. నాగుపాము, కట్లపాముల విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆపేస్తుంది. నాగుపాము కరిచిన చోట నొప్పి, వాపు ఉంటాయి. కట్లపాము మాత్రం రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి దాదాపు తెలియదు. రక్తపింజర, చిన్నపింజరల విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. రక్తపింజర కాటుతో కిడ్నీలూ దెబ్బతినవచ్చు.

వేటకు వెళ్లే మత్స్యకార కుటుంబాలు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. వలలో పడిన పాము తోక తెడ్డులా చదునుగా ఉంటే అది సముద్రపు పాము. ఒట్టి చేత్తో తీయొద్దు. కరిచినప్పుడు పెద్దగా నొప్పి ఉండదు. కొన్ని గంటల్లో ఒళ్లంతా కండరాల నొప్పులు మొదలై, మూత్రం నల్లగా రావచ్చు. మన దగ్గర దొరికే విరుగుడు మందు దీనికి పనిచేయదు. వెంటిలేటర్, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

కాటు పడితే..

* బాధితుణ్ని కదలనివ్వకండి, నడిపించకండి. ధైర్యం చెప్పండి.
* ఉంగరాలు, గాజులు, వాచీ, మెట్టెలు తీసేయండి.
* కరిచిన చేయి లేదా కాలు కదలకుండా కర్ర ఆసరాతో వదులుగా కట్టండి.
* 108కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన వాహనంలో బయల్దేరండి.
* తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు.
* పామును చంపి తీసుకురావద్దు. దాన్ని వెతికే క్రమంలో రెండో కాటు పడొచ్చు. లక్షణాలను బట్టే చికిత్స చేస్తాం.

‘మంత్రం వేస్తే తగ్గింది’ అని చాలామంది చెబుతుంటారు. కరిచింది విషం లేని పాము అయ్యుండొచ్చు. విషసర్పం కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. అలాంటివారు మంత్రం లేకపోయినా బతుకుతారు. అసలు విషం ఎక్కినవారికి మాత్రం ఆ గంట చాలా విలువైనది.

ఆసుపత్రిలో కొంచెం రక్తాన్ని గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. గడ్డకట్టకపోతే పింజర విషమని అర్థం. అవసరమైతే విరుగుడు ఎక్కిస్తాం. పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం.

విరుగుడు వచ్చేది పాము నుంచే

ఈ మందు ఎలా తయారవుతుంది? పాముల నుంచి తీసిన విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తారు. వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలే మనకు విరుగుడు. ఆ విషాన్ని సేకరించే ప్రధాన సంస్థల్లో ఒకటి మనకు దగ్గరలోనే, మహాబలిపురం సమీపంలోని వడనెమ్మేలిలో ఉంది. అది 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం. వాళ్లు పామును పట్టి, కొన్నిసార్లు విషం తీసి, తిరిగి వదిలేస్తారు. ఆ వృత్తిలోని మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు.

రక్తపింజరకు ‘రసెల్స్ వైపర్’ అని పేరు రావడానికి కారణం పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు. విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాములను పరిశీలించి, 1796లో పుస్తకం తెచ్చాడు. అందులో మనవాళ్లు పాములకు పెట్టుకున్న తెలుగు పేర్లూ ఉన్నాయి. ఏది విషసర్పమో, ఏది కాదో జనానికి తెలిస్తే ప్రాణాలు దక్కుతాయన్నది ఆయన ఉద్దేశం. రెండు శతాబ్దాలు దాటినా మనకు కావలసింది అదే.

చంపొద్దు.. పెంచొద్దు

పాములు ఎలుకలను తింటాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే ఎలుక జ్వరం వరిపొలాల్లో పనిచేసేవారికి సోకుతుంటుంది. జెర్రిపోతును కొట్టి చంపితే పొలానికీ, ఆరోగ్యానికీ నష్టమే. ఇంట్లోకి పాము వస్తే దూరంగా నిలబడి, కంటితో కనిపెడుతూ, అటవీశాఖకు కబురు చేయండి.

అదృష్టమని నక్షత్ర తాబేలును తెచ్చుకునేవారూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అక్వేరియం షాపుల్లో అమ్మే చిన్న తాబేళ్లతోనూ జాగ్రత్త. వాటి ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు విరేచనాలు, తీవ్రమైన జ్వరం రావొచ్చు. ఇప్పటికే ఇంట్లో ఉంటే ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. ఆ నీళ్లు వంటింటి సింకులో పారబోయకండి. చెరువులో మాత్రం వదలొద్దు. మన తాబేళ్లకు అవి పోటీ అవుతాయి.

ఈ రాత్రి నుంచే..

* మంచం మీద పడుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి.
* రాత్రి బయటికి వెళ్తే టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. పొలానికి బూట్లు వేసుకోండి.
* కట్టెలు, ఇటుకల కుప్పలు గోడకు ఆనించి పెట్టొద్దు.
* ధాన్యం ఎలుకలకు అందకుండా దాచండి.
* విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఈ వారమే తెలుసుకుని, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

నేల మీద పడుకున్నవారు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తే, కనురెప్పలు వాలుతుంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.