పీఎస్ఏ పెరిగితే ఆపరేషన్ తప్పదా?

యాభై దాటిన మగవాళ్ల హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇప్పుడు ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష మామూలైపోయింది. రిపోర్టులో ఒక పక్క ‘0 - 4’ అని పరిమితి, దాని పక్కనే ముదురు అక్షరాల్లో 6.2. అక్కడి నుంచి యూరాలజిస్టు, ఎంఆర్ఐ, ముక్క పరీక్ష (బయాప్సీ). అందులో క్యాన్సర్ అని తేలితే ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: వెంటనే తీయించేద్దాం. ఆ భయం సహజం. అయితే ఆ తొందర అందరికీ అవసరమా అన్న ప్రశ్నకు వైద్య పరిశోధన దగ్గర గట్టి జవాబులే ఉన్నాయి. ఒకటి కాదు, రెండు. మనకు ఏది వర్తిస్తుందో తెలియాలంటే రెండూ తెలియాలి.

మొదటిది బ్రిటన్‌లో జరిగిన ‘ప్రొటెక్ట్’ అధ్యయనం. 1999 నుంచి 2009 దాకా 50-69 ఏళ్ల మగవాళ్లు 82,429 మందికి పీఎస్ఏ పరీక్ష చేశారు. వాళ్లలో 2,664 మందికి ప్రోస్టేట్ గ్రంథి దాటని క్యాన్సర్ బయటపడింది. అందులో 1,643 మంది ఒక పెద్ద నిర్ణయానికి ఒప్పుకున్నారు. తమకు ఏ వైద్యం చేయాలో తాము గానీ డాక్టరు గానీ ఎంచుకోకుండా లాటరీ పద్ధతికి వదిలేశారు. 553 మందికి గ్రంథిని తీసేసే ఆపరేషన్ వచ్చింది, 545 మందికి రేడియేషన్. మిగిలిన 545 మందికి వైద్యమేమీ మొదలుపెట్టకుండా నిఘాలో ఉంచడం. తనకు క్యాన్సర్ ఉందని తెలిశాక లాటరీకి తలవంచడం ఎంత గుండె నిబ్బరమో ఆలోచించండి. తర్వాతి తరాల మగవాళ్లందరూ వాళ్లకు రుణపడి ఉన్నారు.

నిఘా అంటే గాలికి వదిలేయడం కాదు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పీఎస్ఏ చూశారు. పన్నెండు నెలల్లో అది యాభై శాతం పెరిగితే, అంటే 4 ఉన్నది 6 అయితే, మళ్లీ అన్నీ పరీక్షించి వైద్యం గురించి మాట్లాడారు.

2023లో పదిహేనేళ్ల ఫలితాలు వచ్చాయి. 1,643 మందిలో 356 మంది చనిపోయారు. వాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయింది 45 మందే. మిగతా 311 మందిని వేరే జబ్బులు, వేరే కారణాలు తీసుకుపోయాయి. ఆ 45 మందిని గుంపులవారీగా చూస్తే నిఘాలో ఉన్నవాళ్లు 17 మంది, ఆపరేషన్ అయినవాళ్లు 12 మంది, రేడియేషన్ తీసుకున్నవాళ్లు 16 మంది. శాతాల్లో 3.1, 2.2, 2.9. ఈ తేడా లెక్కల పరీక్షకు నిలబడేంతది కాదు. ఏ దారిలో వెళ్లినా నూటికి 97 మంది పదిహేనేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోలేదు.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. క్యాన్సర్ ఎముకలకో, దూరపు భాగాలకో పాకడం నిఘా గుంపులో 9.4 శాతం, ఆపరేషన్ గుంపులో 4.7, రేడియేషన్ గుంపులో 5.0. అంటే దాదాపు రెట్టింపు. పైగా నిఘాతో మొదలైన వాళ్లలో సుమారు 61 శాతం మంది ఆ పదిహేనేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. ఏ పెద్ద వైద్యమూ లేకుండా పదిహేనేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 133 మంది. నలుగురిలో ఒకరన్నమాట. కాబట్టి ఆగడం అంటే వైద్యాన్ని శాశ్వతంగా తప్పించుకోవడం అనుకోకూడదు. చాలామందికి అది వాయిదా, కొందరికి మాత్రం పూర్తిగా తప్పిపోవడం.

ఆ వాయిదా విలువ ఎంత? ఆపరేషన్ అయిన ఆరు నెలలకు నూటికి 46 మంది మూత్రం కారడం వల్ల ప్యాడ్ పెట్టుకోవాల్సి వచ్చింది. నిఘాలో ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 4. ఆరేళ్లకు ఆపరేషన్ గుంపులో అది 17కు తగ్గింది. వయసు మీదపడి పన్నెండో ఏట మళ్లీ 24కు చేరింది. అప్పటికి నిఘా గుంపులో 11, రేడియేషన్ గుంపులో 8. అంగస్తంభన సంగతి ఇంకా బాధాకరం. మొదట్లో నూటికి 67 మందికి సరిగా ఉండేది. ఆరు నెలలకు నిఘా గుంపులో 52, రేడియేషన్ గుంపులో 22, ఆపరేషన్ గుంపులో 12. ఏళ్లు గడిచేకొద్దీ వయసే అందరినీ దగ్గరికి తెచ్చింది. రేడియేషన్‌కు, మన ఊళ్లలో అనే ‘కరెంటు పెట్టడానికి’, దాని బాధ దానికుంది: పన్నెండో ఏట మలం కారే ఇబ్బంది నూటికి 12 మందికి, మిగతా రెండు గుంపుల్లో 6.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగమని కోరుతున్నాను. పెళ్లికి వెళ్లినా, బస్సెక్కినా ముందు బాత్రూం ఎక్కడుందో వెతుక్కునే బతుకది. భార్యతో కూడా మాట్లాడలేని ఇబ్బంది. మన ఇళ్లలో ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు దీని గురించి ఎవరూ నోరు విప్పరు. కొడుకులు అడగడానికి మొహమాటపడతారు, తండ్రి చెప్పడానికి సిగ్గుపడతాడు. అడగాల్సిన చోట అడగకపోతే ఆ బాధ మోసేది ఆయనొక్కడే.

ఇప్పుడు రెండో జవాబు. స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ దేశాల్లో 1989 నుంచి 1999 దాకా 695 మందిని చేర్చుకుని ఇంకో అధ్యయనం నడిచింది. ఇక్కడా లాటరీయే: 347 మందికి ఆపరేషన్, 348 మందికి వేచి చూడటం. 29 ఏళ్లు గడిచాక 2018లో లెక్క తేల్చారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఆపరేషన్ గుంపులో 71 మంది, వేచి చూసిన గుంపులో 110 మంది. ఎనిమిది తొమ్మిది మందికి ఆపరేషన్ చేస్తే ఒకరి మరణం తప్పింది. సగటున 2.9 ఏళ్ల ఆయుష్షు కలిసొచ్చింది.

ఒక అధ్యయనం ఆగవచ్చంటుంది, ఇంకొకటి ఆగితే నష్టమంటుంది. రెండూ నిజమే. తేడా రోగుల్లో ఉంది. బ్రిటన్‌లో వాళ్లు ఏ బాధా లేకుండా రక్తపరీక్షతో దొరికినవాళ్లు. వాళ్ల పీఎస్ఏలను వరసలో పెడితే మధ్యలో నిలిచే విలువ 4.6. ఉత్తర యూరప్ అధ్యయనంలో పీఎస్ఏతో మాత్రమే బయటపడినవాళ్లు చాలా తక్కువ; ఎక్కువమందికి డాక్టరు వేలితో పరీక్షిస్తే గడ్డ తగిలే స్థితి. ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ వేచి చూడటమంటే క్రమం తప్పని పరీక్షలతో, ముదిరే సూచన కనిపించగానే నయం చేసే వైద్యానికి మళ్లే పద్ధతి కాదు.

మన దగ్గర ఈ రెండు రకాల రోగులూ ఉన్నారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చెకప్‌లో దొరికిన అరవై ఏళ్ల ఉద్యోగి బ్రిటన్ అంకెలకు దగ్గర. మూత్రం ధార సన్నబడి, రాత్రి నాలుగుసార్లు లేస్తూ, ‘వయసులే’ అని రెండేళ్లు నెట్టుకొచ్చి, చివరికి నడుం నొప్పితో ఆస్పత్రికి వచ్చిన రైతు ఆ అంకెల్లో లేడు. అప్పటికే క్యాన్సర్ ఎముకలకు పాకి ఉంటే ఆయన స్థితి ఈ రెండు అధ్యయనాలకూ బయటే. మొదటాయనను తొందరపెట్టడం, రెండో ఆయన ఆలస్యం చేయడం, రెండూ మన తప్పులే. నా ఉద్దేశంలో రెండోది పెద్ద తప్పు.

ధార సన్నబడటానికి ఎక్కువసార్లు కారణం క్యాన్సర్ కాదు, వయసుతో గ్రంథి ఉబ్బడం. అదీ తేలిగ్గా తీసుకునేది కాదు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక నెలల తరబడి నిండుగా ఉండిపోతే ఆ ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి. కిడ్నీల పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తంలో నెమ్మదిగా పెరుగుతుంది. కిడ్నీ పనితీరు చాలావరకు తగ్గేదాకా అది నార్మల్ పరిధిలోనే కనిపించవచ్చు. అందుకే దానితోపాటు, కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగాన్ని అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ అంకె కూడా చూడాలి. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. ప్రోస్టేట్ బాధలున్నవాళ్లు అల్ట్రాసౌండ్ తీయించుకునేటప్పుడు మూత్రం పోశాక ఎంత మిగిలిందో కూడా కొలిపించుకోవాలి.

పీఎస్ఏ ఒక్కదాన్నే నమ్మడమూ కుదరదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రానికి గొట్టం వేసినా పెరుగుతుంది. అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో ఏళ్ల తరబడి 4 లోపే ఉన్నవాళ్లకు ముక్క పరీక్ష చేస్తే 15.2 శాతం మందికి క్యాన్సర్ కనిపించింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: గ్రంథి ఉబ్బుకు ఇచ్చే ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడాక పీఎస్ఏను దాదాపు సగానికి తగ్గిస్తాయి. ఆ మాత్రలు వాడే ఆయన రిపోర్టులో 3 వస్తే దాన్ని 6గా చదవాలి. ల్యాబు కాగితం ఆ మాట చెప్పదు. మాత్రల చీటీ డాక్టరుకు చూపించాల్సింది మనమే.

పరీక్ష వల్ల ప్రాణాలు దక్కుతాయా అంటే, దక్కుతాయి, కొద్దిగా. యూరప్ దేశాల పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచిన గుంపులో ప్రోస్టేట్ మరణాలు 13 శాతం తగ్గాయి. అదే లెక్కను మనుషుల్లో చెప్పుకుంటే 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక మరణం తప్పింది. ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కాకపోతే ప్రమాదం లేని చిన్న క్యాన్సర్లను వెతికి అందరికీ కత్తి పెడితే దాని నష్టం అనుభవించేవాళ్లు చాలామంది ఉంటారు. ఎంఆర్ఐ ఇక్కడ నిజంగా మేలు చేసింది. 2018లో 500 మందితో చేసిన ‘ప్రెసిషన్’ అధ్యయనంలో ముందు ఎంఆర్ఐ తీసి, అనుమానం ఉన్నచోటే ముక్క తీస్తే పట్టించుకోవాల్సిన క్యాన్సర్లు 38 శాతం మందిలో దొరికాయి. పాత పద్ధతిలో 26. పట్టించుకోనక్కర్లేనివి 22 నుంచి 9కి తగ్గాయి. 28 శాతం మందికి సూది గుచ్చే పనే లేకపోయింది. ఈ సౌకర్యం ప్రొటెక్ట్ నిఘాలో ఉన్నవాళ్లకు లేదు. నేటి నిఘాలో ఎంఆర్ఐతోపాటు మళ్లీ ముక్క పరీక్ష కూడా ఉంటుంది.

ముక్క పరీక్ష రిపోర్టు చేతికొస్తే, క్యాన్సర్ ఎంత ఉధృతమైనదో చెప్పే గ్లీసన్ స్కోరు చూడండి. 6 అయితే ఆగి ఆలోచించే సమయం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. రెండో డాక్టరును కలవండి. 8 నుంచి 10 అయితే ఈ వ్యాసంలోని నిఘా మాటలు మీకు కావు, వైద్యం వాయిదా వేయకండి. మధ్యలో 7 అయితే వయసు, ఎంఆర్ఐ, ఎన్ని ముక్కల్లో కనిపించింది అన్నవన్నీ కలిపి డాక్టరుతో తేల్చుకోండి. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే ఆ సంగతి మొదటిరోజే చెప్పండి. నిఘాను ఎంచుకుంటే తర్వాతి పీఎస్ఏ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి, పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో దాచండి. ఆ తేదీలకు వెళ్లలేని పరిస్థితి ఉంటే, వెళ్లే ఓపిక లేకపోతే, నిఘా మీకు సరిపడదు. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.