పళ్ల క్లిప్పులు అందానికేనా?

పళ్లకు క్లిప్పులు పెళ్లిచూపుల కోసమేనని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. పై ముందుపళ్లు 3 మిల్లీమీటర్లకు మించి ముందుకొచ్చిన పిల్లలు కింద పడితే, ఆ పళ్లకు దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు రెట్టింపని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. దవడలో ఇరుక్కున్న కోరపన్ను పక్కపంటి వేరును కరిగించేయగలదు. ఇవి ఆరోగ్య సమస్యలు కాక మరేమిటి? అయితే క్లిప్పులు పెడితే పిప్పిపళ్లు రావన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. సరిగా తోమకపోతే క్లిప్పుల చుట్టూనే తెల్లమచ్చలు పడతాయి. డాక్టర్లు ఈ మాట ముందే చెప్పి తీరాలి.

ఖర్చు భరించలేమన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలోని సిద్ధార్థ దంత కళాశాల అందుబాటులో ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో సాధారణంగా ఖర్చు తక్కువ. పిల్లల పళ్లను ఏడేళ్ల వయసులో ఒకసారి డాక్టరుకు చూపించాలి. చాలామందికి అప్పుడే క్లిప్పులు అక్కర్లేదు.