వైన్ ద్రాక్ష పెట్టే ముందు ఈ లెక్క చూడండి

"అన్నా, వైన్ ద్రాక్షకు కంపెనీ వాళ్ళే వచ్చి కొంటారంట, మన అనంతపురంలో పెట్టొచ్చా?" అని ఈమధ్య చానా మంది అడుగుతున్నారు. నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదట నీళ్ళు. మన జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లే. వేరుశనగ పోతే ఒక కారు పోతుంది. బోరు ఎండి ద్రాక్ష తీగ చచ్చిపోతే పందిరి పెట్టుబడి మొత్తం పోతుంది. హిందూపురం దాటితే వచ్చే నంది కొండల దగ్గర 1988 నుంచి వైన్ తోటలు నడుస్తున్నాయి. కానీ అక్కడ ఎత్తు, రాత్రి చల్లదనం రెండూ ఎక్కువ.

రెండోది అమ్మకం. వైన్ రకాలు చిన్న కాయ, మందం తోలు, లోపల గింజలు. కంపెనీ వద్దంటే ఆ కాయను బజారులో ఎవరూ అడగరు. బెంగళూరు బ్లూ అయితే తినడానికీ, జ్యూసుకూ పోతుంది.

మూడోది పోటీ. విదేశీ వైన్ మీద మనకు 150 శాతం సుంకం ఉండేది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఒప్పందంతో 5 డాలర్లు దాటిన ఆస్ట్రేలియా సీసా మీద అది 100కు తగ్గింది. పదేళ్ళలో 50కి వస్తుంది. ఆ పోటీలో కంపెనీకి తగ్గే లాభం చివరికి కాయ ధరలోనే కోస్తారని నా భయం. ఫ్రాన్స్‌లోనే 2023లో మిగిలిపోయిన వైన్‌ను వదిలించుకోవడానికి ప్రభుత్వం 20 కోట్ల యూరోలు కేటాయించింది.

మరి మన ప్రకృతి వ్యవసాయానికి బలం యాడ ఉంది? 2010లో క్లోర్‌మెక్వాట్ అవశేషం కిలోకు 0.05 మిల్లీగ్రాములు మించిందని యూరప్ మన ద్రాక్షను ఆపేసింది. జీవామృతం, నవధాన్యాలతో పండించేవాళ్ళకు ఆ మందు అవసరమే లేదు. అయితే నోటిమాట చెల్లదు. ఎగుమతికి పీజీఎస్ పత్రం చాలదు, ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ కావాలి. తోట పంటకు మూడేళ్ళ మార్పిడి కాలం ఉంటుంది కాబట్టి నాటిన రోజు నుంచే రికార్డు రాయాలి.

నా సలహా: ఉన్న భూమంతా పెట్టొద్దు. ఎండాకాలంలో కూడా ఆగకుండా పోసే బోరు ఉంటేనే అర ఎకరాతో మొదలుపెట్టండి. కనీస ధర ఎంత, తీపి శాతం తగ్గితే ఎంత కోస్తారు, కాయ వెనక్కి పంపితే నష్టం ఎవరిది, ఈ మూడూ అగ్రిమెంటులో తెలుగులో రాయించుకోండి.

సాళ్ళ మధ్య నవధాన్యాలు చల్లి ఆచ్ఛాదన చేసే పద్ధతి కింది వీడియోలో చూపించినాను. చూసినాకనే సంతకం పెట్టండి.