కాకసస్ కత్తుల అధ్యయనానికి ఏ పుస్తకం కొనాలి?

కాకసస్ పాత ఆయుధాల్లో ముఖ్యమైనవి రెండు. పిడి దగ్గర చేతికి అడ్డు లేని వంపు కత్తి షాష్కా. రెండు వైపులా పదునుండే పొడవాటి బాకు కింజాల్. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరి పని? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతికే దారి చూపేదే మంచి పుస్తకం. దాన్ని గుర్తుపట్టడానికి నాలుగు అంకెలు చాలు.

84: వెండి ముద్ర

జార్ల కాలపు రష్యాలో వెండి నాణ్యతను 96 వంతుల లెక్కన కొలిచేవారు. ఒర మీద 84 అని ఉంటే అందులో వెండి 87.5 శాతం. పక్కనున్న స్త్రీ తల ఎడమకు చూస్తుంటే ఆ ముద్ర 1899-1908 మధ్యది, కుడికి చూస్తుంటే 1908 తర్వాతది. 875 అని ఉంటే సోవియట్ కాలానిది లేదా ఆ తర్వాతది. అయితే ఇదంతా వెండి వయసే. పాత అలుగుకు, అంటే పదునుండే లోహపు పలకకు, కొత్త ఒర, కొత్త పిడి చేయించుకోవడం అక్కడ మామూలు. అలుగును, వెండి పనిని విడివిడిగా చర్చించని పుస్తకాన్ని పక్కన పెట్టండి.

1881: సైనిక నమూనా

ఆ ఏడాది రష్యా సైన్యం షాష్కాలకు కొత్త నమూనాలు ఖరారు చేసింది. రష్యాలోని జ్లతౌస్త్ కర్మాగారంలో తయారైన సైనిక షాష్కా వేరు, కాకసస్‌లోని దాగిస్తాన్ కమ్మరి కొట్టిన షాష్కా వేరు. రెండింటినీ ఒకే గాట కట్టే పుస్తకం నమ్మదగింది కాదు.

1934: ప్రపంచ నిఘంటువు

అమెరికా సేకర్త జార్జ్ కామెరాన్ స్టోన్ ఆయుధాల నిఘంటువు వెలువడిన ఏడాది ఇది. అన్ని దేశాల ఆయుధాలూ ఉన్నాయి కాబట్టి పేర్లు, ఆకారాలు తెలుసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. కాకసస్‌లో ఏ ఊరి పనితనం ఎలా ఉంటుందో తేల్చుకోవడానికి మాత్రం చాలదు.

1995: అసలు పుస్తకం

మాస్కోలోని స్టేట్ హిస్టారికల్ మ్యూజియంలో పనిచేసిన ఎమ్మా అస్త్‌వత్సతూర్యాన్ రాసిన ‘కాకసస్ ప్రజల ఆయుధాలు’ అచ్చయిన ఏడాది. 2004లో మళ్లీ వచ్చింది. వెండి నగిషీకి పేరుపడ్డ కుబాచీ, అలుగులకు పేరుపడ్డ అముజ్గీ వంటి ఊళ్ల పనిని, పనివాళ్ల పేర్లను ఆమె ఓపికగా నమోదు చేశారు. పుస్తకం రష్యన్‌లో ఉందని వెనకాడకండి. ఆ లిపిలో ఉన్నవి 33 అక్షరాలే. అవి వస్తే పనివాళ్ల పేర్లు మీరే వెతుక్కోవచ్చు.

ఇంగ్లిష్‌లోనే చదవాలనుకుంటే కిరిల్ రివ్కిన్ రాసిన ‘ఆర్మ్స్ అండ్ ఆర్మర్ ఆఫ్ కాకసస్’ తీసుకోండి. ఏ పుస్తకం తెరిచినా అలుగు మీది ముద్రల అధ్యాయం ముందు చూడండి. పరుగెత్తే తోడేలు ముద్ర జర్మనీలోని పసావు పట్టణానిది. ఐరోపా ముద్రలకున్న పేరు చూసి కాకసస్ కమ్మరులు వాటిని తమ అలుగుల మీదా కొట్టారు. ఈ హెచ్చరిక లేని పుస్తకంతో స్థానిక అలుగును ఐరోపాదని పొరబడే ప్రమాదం ఉంది.

డబ్బు ఒక్క పుస్తకానికే ఉంటే అస్త్‌వత్సతూర్యాన్‌ది కొనండి. రెండోది రివ్కిన్, మూడోది స్టోన్. కత్తి కొనేది వీటిని చదివాకే.