బంగారు రంగు కుక్క మన ఎండకు తాళుతుందా?
గోల్డెన్ రిట్రీవర్ ఇంటికి నేస్తమే, చేనుకు కాపలా కాదు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొలువు చేసే మీ పిల్లగాడు పండక్కి వస్తూ కారులో ఒక కుక్కను తెచ్చాడనుకోండి. తేనె రంగు బొచ్చు, వేలాడే చెవులు, ఎవరు పిలిచినా తోక ఊపుతూ వస్తుంది. పేరు గోల్డెన్ రిట్రీవర్. "అద్దె ఇంట్లో ఓనరు ఒప్పుకుంటలేడు నాయనా, చేను కాడ ఉంచుకో, కాపలాకూ పనికొస్తది" అంటాడు. ఆలంపూర్ ప్రాంత రైతులు సరే అనే ముందు, లేదా వేలు పోసి పిల్లను కొనే ముందు, దాని సంగతి తెలుసుకోవడం మంచిది. అది 10, 12 ఏళ్లు బతికే ప్రాణం. అన్నేళ్లూ చూసుకోవాల్సింది మీరే.

చలి దేశపు జాతి

ఈ జాతి పుట్టింది స్కాట్లాండ్ కొండల్లో. డడ్లీ మార్జోరీబ్యాంక్స్ అనే జమీందారు 1868లో నూస్ అనే పసుపు రంగు మగకుక్కను, నీళ్లలో ఈదే స్పానియల్ జాతికి చెందిన బెల్ అనే ఆడకుక్కను కలిపి ఈ జాతికి మొదలు పెట్టాడు. ఆ తర్వాత ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ దీన్ని వేరే జాతిగా గుర్తించింది.

తుపాకీతో కొట్టిన బాతు చెరువులో పడితే ఈదిపోయి, పంటిగాటు పడకుండా కరుచుకొచ్చి యజమాని చేతిలో పెట్టడం దీని పని. రిట్రీవర్ అంటేనే తిరిగి తెచ్చేది అని అర్థం. అందుకే దీనికి నీళ్లంటే ప్రాణం. మనిషి మాట ఇట్టే వింటుంది, పసిపిల్లలతో ఓపికగా ఉంటుంది. విదేశాల్లో చూపులేని వారికి దారి చూపడానికి కూడా దీన్ని తయారు చేస్తారు.

ఈ మంచి గుణమే కాపలాకు అడ్డు. కొత్త మనిషి వచ్చినా స్నేహం చేస్తుంది. మోటారు ఎత్తుకుపోయే దొంగ వచ్చినా తోక ఊపే రకం. అడవి పందిని తరమడానికి దీన్ని నమ్ముకోలేం.

ఎండే అసలు గండం

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని చల్లదనం. గోల్డెన్‌కు బొచ్చు రెండు వరసలు. పైన పొడుగు బొచ్చు, లోపల చలికి తట్టుకునే మెత్తటి ఒత్తు బొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో గొలుసుతో కడితే ఒక్క మధ్యాహ్నమే దాని ప్రాణం తీయొచ్చు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. ఆగకుండా ఒగర్చడం, చొంగ కారడం, తూలడం, వాంతి కనిపిస్తే వడదెబ్బ అనుకోండి. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి గాలి విసరండి. తడి గోనె సంచి కప్పి వదిలేయకండి, లోపలి వేడి బయటికి పోదు. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. ఆ వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే

* పగలు ఇంట్లోనో, గుబురు చెట్టు నీడనో ఉంచండి. పొద్దున, సాయంత్రం చల్లబడ్డాకే తిప్పండి.
* ఎండాకాలమని బొచ్చు నున్నగా గొరిగించకండి, చర్మం కాలుతుంది. రోజూ దువ్వి రాలే బొచ్చు తీసేయండి.
* ఒత్తు బొచ్చులో పిడుదులు దాగి జ్వరం తెస్తాయి. చెవులు, కాలివేళ్ల సందులు రోజూ చూడండి. పంటకు కొట్టే మందు కుక్క ఒంటికి పూయవద్దు.
* నీళ్లు కనిపిస్తే దూకే జాతి ఇది. పత్తికి, మిరపకు మందు కలిపిన డ్రమ్ము, గట్టు లేని బావి, ఎలుకల మందు దాని దరికి రానీయకండి.
* వట్టి అన్నం, మజ్జిగతో 30 కిలోల కుక్క నిలవదు. గుడ్డు, మాంసం కూడా కావాలి. ఉల్లిగడ్డ వేసిన కూర, ఉడికించిన ఎముకలు పెట్టకండి.

కొనాలనుకుంటే

మేత, టీకాలు, పిడుదుల మందు, డాక్టరు ఖర్చు నెలకు ఎంతవుతుందో కాగితం మీద లెక్క రాసుకోండి. ఆ డబ్బు ఎవరు పెడతారో పిల్లగాడితో ముందే తేల్చుకోండి. ఈ జాతికి తుంటి కీలు జబ్బు తల్లిదండ్రుల నుంచి రావొచ్చు. అందుకని తల్లి కుక్కను, వీలైతే తండ్రిని కూడా చూడకుండా పిల్లను కొనకండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు.

చేనుకు ఏది మేలు?

కాపలాకు మన నాటు కుక్కే మేలు. పొట్టి బొచ్చు, మన ఎండకు అలవాటు పడిన ఒళ్లు, కొత్త అలికిడికి మొరిగే గుణం దానివి. జాతి కుక్కే కావాలంటే పక్క కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ వేటకుక్క ఉంది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల వేసింది. అది పరుగు పెట్టే జాతి. ఎప్పుడూ కట్టేసి ఉంచేవారికి అదీ తగదు.

ఏ కుక్కయినా రేబిస్ టీకా తప్పదు. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించండి. కుక్క కరిస్తే పసుపు, సున్నం పెట్టకండి. పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోయి సూది వేయించుకోండి. ఆ జబ్బు బయటపడ్డాక బతకడం అరుదు.

ఇంట్లో చల్లటి జాగా, రోజూ గంట తీరిక, చేతిలో కొంత డబ్బు ఉన్నవారికి గోల్డెన్ మంచి నేస్తం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకున్నా "వద్దు బిడ్డా" అని ముందే చెప్పండి. మీకూ మంచిది, ఆ మూగజీవికీ మంచిది.